ప్రధాన పాత్ర లింగ నిర్ధారణ ఉపసంఘం

నవలా వికాస మండలి ఆ ఏడాదిని సమతుల్య సాహిత్య సంవత్సరంగా ప్రకటించింది. అంతకుముందుది పచ్చదన సాహిత్య సంవత్సరం. అప్పుడు ప్రతి నవలలోనూ కనీసం ఒక చెట్టయినా ఉండాలన్నారు. రచయితలు పోటీపడి నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి, నవలలే ఎండిపోయాయి. ఈసారి చెట్లను తీసేసి ఆ స్థానంలో స్త్రీలను పెట్టారు.

నియమం చూడటానికి న్యాయంగానే ఉంది. మండలి గ్రంథాలయాలకు కొనిచ్చే నవలల్లో సగం పురుషుడు ప్రధాన పాత్రగా ఉన్నవీ, సగం స్త్రీ ప్రధాన పాత్రగా ఉన్నవీ ఉండాలి. రెండు విభాగాలకూ చెరొక పురస్కారం. పురుషుడున్న నవలకు ఇచ్చేదాని పేరు ఉత్తమ నవల. స్త్రీ ఉన్న నవలకు ఇచ్చేదాని పేరు ఉత్తమ మహిళా నవల.

మండలి కార్యదర్శి యనమదల ఉమాపతిరావు అంతకుముందు రొయ్యల చెరువులకు లైసెన్సులిచ్చే ఆఫీసులో పనిచేశారు. ఉప్పునీటి చెరువేదో, మంచినీటి చెరువేదో గట్టు మీద నిలబడే చెప్పగలరని ఆయనకు పేరు. నవలలను కూడా అలాగే, అట్ట చూసి విడదీస్తూ వచ్చారు. పని సాఫీగా సాగుతుండగా ఆయన బల్ల మీదకు 'మూడో నంబరు హెచ్చరిక' అనే నవల వచ్చింది.

రాసినావిడ మేడిశెట్టి రత్నమాల. కాకినాడలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. చదువుకునే రోజుల్లో ఆమె చేతికి కొన్ని విదేశీ నవలలు దొరికాయి. వాటిలో కథ అంటూ పెద్దగా ఏమీ జరగదు. ఒక మనిషి మనసును పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి చూస్తారు, అంతే. అవి చదివినప్పుడు ఆమెకొక సంగతి తట్టింది. ఒంటరిగా ఉన్నప్పుడు, మనసులో మాట్లాడుకునేటప్పుడు, మనిషి తనను తాను ఆడదనీ మగవాడనీ అనుకోడు. 'నేను' అనుకుంటాడు. ఆ తేడా గుర్తు చేసేది ఎప్పుడూ పక్కవాళ్ళే.

తీరా తెలుగులో రాయబోతే క్రియాపదం అడ్డం వచ్చింది. ఆమె వచ్చింది. బస్సు వచ్చింది. గేదె వచ్చింది. అతను మాత్రం వచ్చాడు. ఒక్క మగవాడి కోసం భాష విడిగా ఒక కుర్చీ వేసి, ఆడదాన్ని బస్సుతోనూ గేదెతోనూ కలిపి బల్ల మీద కూర్చోబెట్టిందని రత్నమాలకు అంతవరకూ తోచలేదు. తోచాక ఊరుకోలేకపోయింది. నవలంతా 'నేను'లోనే రాసింది. చుట్టుపక్కలవాళ్ళంతా ప్రధాన పాత్రను మీరు, మణిగారు, ఏవండీ అంటారు. మణి ఓడరేవులో ఉద్యోగి. తుపాను వస్తుందని కబురు రాగానే స్తంభం మీద హెచ్చరిక గుర్తులు ఎగరేయడం ఆ ఉద్యోగం. తుపాను వస్తుందా రాదా అని ఎదురుచూసిన ఒక్క రోజే నవల.

రాయడానికి రత్నమాలకు ఏళ్ళు పట్టింది. తన డబ్బుతోనే అచ్చు వేయించింది. పుస్తకాల కట్టలు ముందుగదిలో సోఫా వెనక ఉండిపోయాయి. మండలి కొంటే అవి ఊరూరా గ్రంథాలయాలకు వెళతాయి. ఎక్కడో ఎవరో ఒక మధ్యాహ్నం తీసి చదువుతారు. ఆమె ఆశ అంతే.

ఉమాపతిరావు నవలను మొదటినుంచి చివరిదాకా తిప్పారు. చివరినుంచి మొదటిదాకా కూడా తిప్పారు. తర్వాత ఫోన్ చేశారు.

"నమస్కారమమ్మా. మండలి నుంచి. మీ నవల పరిశీలనలో ఉంది. చిన్న వివరం కావాలి. మీ మణి ఆడా, మగా?"

"తెలీదండి," అంది రత్నమాల.

"రాసింది మీరే కదమ్మా?"

"నేనేనండి. కానీ అడగలేదు."

"అడగకపోవడమేంటమ్మా? అన్ని పేజీలు కలిసి తిరిగారు కదా!"

"తిరిగానండి. అవసరం పడలేదు."

"మీకు పడకపోవచ్చు. మండలికి పడింది. రేపొకసారి ఆఫీసుకి దయచేయండి."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి ఉమాపతిరావు సమస్యకు పరిష్కారం కూడా సిద్ధం చేసి ఉంచారు. కుర్చీ చూపించి, టీ తెప్పించి, గొంతు సవరించుకున్నారు.

"చూడండమ్మా, మండలి ఉద్దేశాలకు లోబడి, రచయిత స్వేచ్ఛకు భంగం కలగకుండా, మధ్యేమార్గంగా ఒక ప్రతిపాదన. ఒక్క వాక్యం చేర్చండి చాలు. ఎక్కడైనా పరవాలేదు. 'మణి చెంగు సర్దుకుంది' అన్నారనుకోండి, మహిళా విభాగం. పోటీ తక్కువ, పురస్కారం ఖాయం. లేదూ, 'మణి మీసం దువ్వుకున్నాడు' అన్నారనుకోండి, జనరల్. పోటీ ఎక్కువ, కానీ గౌరవమూ ఎక్కువ. మీ ఇష్టం."

"రెండూ రాస్తే?"

ఉమాపతిరావు నవ్వలేదు. "అలాంటివాటికి మా దగ్గర విభాగం లేదమ్మా."

"నేను రాయనండి. ఆ ఒక్క వాక్యం పెడితే పాఠకులు పుస్తకమంతా ఆ వాక్యం కోసమే చదువుతారు. ఆడదని తెలిస్తే, పాపం పెళ్ళెందుకు కాలేదో అంటారు. మగవాడని తెలిస్తే, ఎంత ఆలోచనాపరుడో అంటారు. మనిషి ఒకరే కదండీ."

"మణికి పెళ్ళి కాలేదా?" ఉమాపతిరావు గబగబా కాగితం మీద రాసుకున్నారు. "ఇది కూడా విచారించవలసిన అంశమే."

ఆ విధంగా ప్రధాన పాత్ర లింగ నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షులు విశ్రాంత ఆచార్యులు దిగుమర్తి పాండురంగాచార్యులు, వ్యాకరణంలో దిట్ట. రెండో సభ్యులు డాక్టర్ ప్రభంజన్. ఆయన స్త్రీ సాధికారత నిపుణులు. ఆ జిల్లాలో స్త్రీల గురించి ఎక్కడ సభ జరిగినా ఆయనే మాట్లాడతారు. ఆయన మాట్లాడాక స్త్రీలకు సమయం మిగలదు. మూడో సభ్యురాలు సుభాషిణి. చాలా కాలంగా కథలు రాస్తున్నారు. బోర్డు మీద ఆమె పేరు పక్కన మహిళా సభ్యురాలు అని ఉంటుంది. మిగతా ఇద్దరి పేర్ల పక్కన పురుష సభ్యుడు అని ఉండదు.

మొదటి సమావేశానికి రత్నమాలను పిలిచారు. ఆచార్యులు నవలకు నమస్కారం పెట్టి తెరిచారు.

"మొదటి అధ్యాయంలో మణి స్తంభం ఎక్కి గుర్తు ఎగరేయడం జరిగింది. ఆరోహణం పురుష లక్షణం. పురుషుడు అని రాసుకోండి. రెండో అధ్యాయంలో కన్నీరు కార్చడం జరిగింది. స్త్రీ అని రాసుకోండి."

"ఆ ఏడ్చింది స్తంభం మీదేనండి," అన్నారు సుభాషిణి.

ఆచార్యులు ఆలోచించారు. "అయితే ఎక్కునప్పుడు పురుషుడు, ఎక్కిన పిదప స్త్రీ. దిగునప్పటి సంగతి చూడాలి."

"మూడో అధ్యాయం కీలకం," అన్నారు ప్రభంజన్. "అక్కడ మణి తల్లి 'ఒరేయ్ మణీ' అని పిలుస్తుంది. 'ఒసేయ్' అనలేదు. ఇక సందేహమేముంది?"

"మా అమ్మ కూడా నన్ను ఒరేయ్ అనే పిలిచేదండి," అన్నారు సుభాషిణి. "మా వైపు ముద్దొస్తే అంతే పిలుస్తారు. పెళ్ళయ్యేదాకా ఒరేయ్‌నే. తర్వాతే ఒసేయ్‌ని అయ్యాను."

ఆ మాట నమోదు చేయాలా వద్దా అని చర్చ జరిగింది. మహిళా సభ్యురాలి వ్యక్తిగత విషయంగా భావించి వదిలేశారు.

"నాలుగులో మణి చందువా చేపల పులుసు పెట్టింది," అన్నారు ఆచార్యులు, వెంటనే నాలుక కరుచుకున్నారు. "పెట్టారు. వంట స్త్రీ లక్షణం."

"ఆగండి సర్," ప్రభంజన్ చెయ్యెత్తారు. "ఎవరి కోసం పెట్టారు? తన కోసం. వేడివేడిగా తనే ముందు తిన్నారు. ఎవరికీ వడ్డించలేదు. తన కోసం వండుకుని తనే ముందు తిన్న స్త్రీ నా పరిశోధనలో ఎక్కడా కనపడలేదు. మణి పురుషుడే. పైగా ఆరో అధ్యాయం చూడండి. ప్రేమించిన మనిషితో మణి పెళ్ళి వద్దన్నారు. స్త్రీ అయితే వద్దనిపించుకుంటుంది. వద్దనదు. స్త్రీల పక్షాన నేను ఇది బాధతో చెబుతున్నాను."

రత్నమాల అంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. ఆ స్తంభం మీద ఏడ్చిన పేజీ రాసిన రోజు తనూ ఏడ్చింది. ఇప్పుడది కాగితం మీద ఒక గీతకు అటో ఇటో పడుతోంది.

"అయ్యా, ఒక్క మాటండి," అంది. "మణి చివర్లో గుర్తు ఎగరేసి, పడవలు తిరిగి వస్తాయా రావా అని చూస్తూ కూర్చునే అధ్యాయం మీరు చదివారా?"

"అందులో ఆధారాలేమీ లేవమ్మా," అన్నారు ఆచార్యులు. "ఉత్త మనసు. అందుచేత వదిలాం."

"అసలు స్త్రీ అయితే మాత్రం నష్టమేంటమ్మా?" అని కూడా అన్నారాయన, ఓదార్పుగా. "మన వ్యాకరణం స్త్రీని చిన్నచూపు చూడలేదు. ఒక్క స్త్రీ ఉంటే జడపదార్థాలతో కలిపి 'వచ్చింది' అంటుంది గానీ, ఇద్దరు కూడితే పురుషులతో సమానంగా 'వచ్చారు' అని గౌరవిస్తుంది."

"అంటే మనిషిగా లెక్కలోకి రావాలంటే నేను ఇంకొకావిణ్ణి తోడు తెచ్చుకోవాలన్నమాట."

"అలా అని శాస్త్రం అనలేదు," అన్నారు ఆచార్యులు. "కానీ తెచ్చుకుంటే మంచిది."

ఆ సమావేశంలో ఏమీ తేలలేదు. మరిన్ని సమావేశాలు పెట్టారు. నియమం ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే న్యాయం కాదని, 'నేను' అని రాసిన పాత నవలలన్నిటినీ గ్రంథాలయాల నుంచి వెనక్కి తెప్పించడం మొదలుపెట్టారు. పురుష నవలలకు ఒక గది, స్త్రీ నవలలకు ఒక గది కేటాయించారు. ప్రేమకథల్లో ఇద్దరూ సమానంగా ఉండటంతో వాటిని వరండాలో పెట్టారు. వానొచ్చి తడిశాయి. సందర్శకులు గోల చేయకుండా ఆఫీసు గుమ్మానికి పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టించారు: లింగ నిర్ధారణ లోపల జరుగుతున్నది. నిశ్శబ్దం పాటించండి.

బోర్డు పెట్టిన కొద్ది రోజులకే ఒక పెద్దావిడ కోడలిని చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆ పిల్ల తలెత్తడం లేదు. ఆ రోజు ముందుగదిలో ఆచార్యులే ఉన్నారు.

"మా కోడలండి. మూడో నెల," అంది పెద్దావిడ గొంతు తగ్గించి. "ఇక్కడ చెబుతారంట కదండీ. ఎంత తీసుకుంటారండి?"

ఆచార్యులు చెవులు మూసుకున్నారు. "రామ రామ! ఇది మండలి. ఇక్కడ పాత్రలకు మాత్రమే చూస్తాం!"

పెద్దావిడ నోరు తెరిచింది. "గిన్నెలకి ఆడా మగా ఏంటండీ బాబూ!"

కోడలు అప్పుడు తలెత్తి నవ్వింది. ఇంటికెళ్ళాక ఆ పిల్లే ఎవరికో ఫోన్ చేసి బోర్డు సంగతి చెప్పిందట.

మర్నాడు స్కానింగ్ సెంటర్ల మీద నిఘా పెట్టే తనిఖీ బృందం జీపులో దిగింది. ముందు వచ్చిన అధికారి పేరు కర్రి నూకరాజు. బోర్డు ఫోటో తీయించి, నేరుగా అటెండర్ దగ్గరికి వెళ్ళాడు.

"ఇక్కడ లింగ నిర్ధారణ చేస్తున్నారా?"

"చేత్తన్నారండి. రోజూ పదకొండు నుంచి."

"స్కానింగ్ మెషీన్ ఉందా?"

"ఉందండి," అని అటెండర్ కాగితాలు స్కాన్ చేసే యంత్రాన్ని చూపించాడు.

ఉమాపతిరావు పరుగెత్తుకొచ్చి, ఇది సాహిత్య పరమైన నిర్ధారణ అనీ, పుట్టినవారికే తప్ప పుట్టబోయేవారికి చేయమనీ వివరించారు. నూకరాజు చట్టం తీసి చూశాడు. చట్టంలో నవలలకు మినహాయింపు ఎక్కడా లేదు. యంత్రానికి సీలు వేశాడు, గదికి సీలు వేశాడు, సాక్ష్యంగా నవల ప్రతిని సంచీలో వేసుకున్నాడు.

వాంగ్మూలం కోసం మూడు రోజుల తర్వాత అతను రత్నమాల ఇంటికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"మేడమ్, కేసు సంగతి తర్వాతండి. ముందిది చెప్పండి. సాక్ష్యం కదా అని చదవడం మొదలెట్టానండి. నా గురించే రాశారనిపించింది. మా నాన్న పోయినప్పుడు నేనూ ఇలాగే ఆఫీసు మేడ మీదకెళ్ళి ఏడ్చానండి, ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి ఇచ్చి చదవమన్నాను. ఆవిడ చదివేసి, ఇందులో నువ్వెక్కడున్నావ్, ఇదంతా నేనే కదా అంటోంది. ఇంట్లో పెద్ద గొడవండి. పులుసు తనకోసం పెట్టుకునే చోట మరీ పట్టుబట్టింది. ఆ రోజు నుంచి ముందు తనే తింటోందండి. ఇంతకీ అది ఎవరండీ?"

"మీరిద్దరూ ఎవరికి వాళ్ళు కరెక్టేనండి," అంది రత్నమాల. "పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి."

"సాక్ష్యం కదండీ, ఉంచుకోకూడదు," అని నూకరాజు ఇంకో ప్రతి కొనుక్కుని వెళ్ళాడు.

అతను వెళ్ళాక ఆమె చాలాసేపు గుమ్మంలో నిలబడిపోయింది. పుట్టకముందు ఆడా మగా అని అడిగితే నేరం. పుట్టాక అడిగితే పురస్కారం. రెండుసార్లూ అడిగేది ఒకే ప్రశ్న, రెండుసార్లూ బతుకు ఎలా ఉండాలో తేల్చడానికే.

నవలా మండలికి సీలు వేశారన్న వార్త పత్రికల్లో వచ్చింది. జనానికి ఆ నవల మీద ఆసక్తి పుట్టింది. సోఫా వెనక కట్టలు ఒక్కొక్కటే విప్పారు. మండలికి ఇది ఇబ్బందిగా తయారైంది. తను కొనని పుస్తకాన్ని జనం కొనడం దాని చరిత్రలో ఎన్నడూ జరగలేదు.

ఆ సమయంలో డాక్టర్ ప్రభంజన్ ఏదో సదస్సు నుంచి కొత్త సిద్ధాంతంతో తిరిగొచ్చారు. గొప్ప రచయిత మనసు సగం స్త్రీ, సగం పురుషుడూ అయి ఉంటుందని అక్కడెవరో చెప్పారట. ఆయన రైల్లోనే దానికి నియమావళి తయారుచేశారు.

"ఇన్నాళ్ళూ మనం పొరబడ్డాం," అన్నారాయన, కేసు కొట్టేశాక సీలు తీసిన గదిలో మొదటి సమావేశం జరిగినప్పుడు. "చూడాల్సింది పాత్రను కాదు, రచయితను. ఇకపై ఒకటే పురస్కారం, ఉభయ మనస్క పురస్కారం. రచయిత మనస్సు ఉభయమని మనం పరీక్షించి ధ్రువీకరించాలి. పరీక్షకులకు ముందుగా ఆ అర్హత ఉండాలి కాబట్టి, నన్ను నేను పరీక్షించుకుని ధ్రువీకరించుకున్నాను."

ఉభయ మనస్కత పరీక్షలు మొదలయ్యాయి. పురుష రచయితలు బారులు తీరారు. ఒకాయన ఉల్లిపాయలు తరిగేటప్పుడు తనకు కళ్ళనీళ్ళు వస్తాయని చెప్పారు. ధ్రువీకరించారు. ఒకాయన భార్య పుట్టింటికి వెళ్ళినప్పుడు ఇల్లు బోసిపోయినట్లు ఉంటుందన్నారు. అన్నం ఎవరు వండారని సుభాషిణి అడిగారు. హోటల్ నుంచి తెప్పించానన్నారు. స్త్రీ లేని లోటును ఇంత లోతుగా గుర్తించడం స్త్రీ హృదయమేనని ప్రభంజన్ ధ్రువీకరించారు.

రత్నమాలను కూడా పిలిచారు. ఈ గొడవంతా ఆమె నవల వల్లే పుట్టింది కాబట్టి, పిలవకపోతే పత్రికలవాళ్ళు ఊరుకోరని ఉమాపతిరావు భయం.

"మీ మనసులో పురుష భాగం ఎంతుంటుందమ్మా?" అని అడిగారు ప్రభంజన్.

"రోజూ పిల్లలకి మందారపువ్వు కోసి చూపిస్తానండి," అంది రత్నమాల. "అందులో పుప్పొడి కేసరాలూ ఉంటాయి, అండాశయమూ ఉంటుంది. ఏది ఎంత భాగమని దాన్నెవరూ అడగరు. పూస్తుంది, అంతే."

"మందారం మండలికి దరఖాస్తు పెట్టుకోలేదు కదమ్మా," అన్నారు ఉమాపతిరావు.

ప్రభంజన్ కలం మూశారు. "క్షమించాలమ్మా, మీకు ధ్రువీకరణ కుదరదు. సిద్ధాంతం సున్నితమైనది, ఓపిగ్గా వినండి. పురుషుడిలో స్త్రీ హృదయం ఉంటే అది ప్రతిభ. ఎందుకంటే అది సహజంగా రాదు, సాధించాలి. స్త్రీలో స్త్రీ హృదయం ఉండటం మామూలే, అందులో గొప్పేముంది? పోతే, స్త్రీలో పురుష హృదయం ఉంటే..." ఆయన మాట కోసం వెతుక్కున్నారు.

"ఉంటే?" అన్నారు సుభాషిణి.

"దాన్ని దురుసుతనం అంటారు," అన్నారు ఆచార్యులు.

సుభాషిణి లేచి నిలబడ్డారు. "నా పేరు పక్కన మహిళ అన్నది తీసేయండి," అన్నారు. "సభ్యురాలు అన్నదీ తీసేయండి. పేరు కూడా తీసేయండి. ఇక రాను." ఆమె వెళ్ళిపోయాక, మహిళా సభ్యురాలు భావోద్వేగానికి లోనై సమావేశం మధ్యలో నిష్క్రమించినట్లు రాసుకున్నారు.

మొదటి ఉభయ మనస్క పురస్కారం తటవర్తి సాంబమూర్తి రాసిన 'చెరిసగం' అనే నవలకు వచ్చింది. అందులో ఒక అధ్యాయం భర్త చెబుతాడు, ఒకటి భార్య చెబుతుంది. పురస్కార సభ టౌన్ హాల్లో పెట్టారు. మండలి కళ్ళు తెరిపించినందుకు రత్నమాలకు కూడా ఆహ్వానం పంపారు. వెళ్ళకూడదనుకుంది. కానీ 'చెరిసగం' చదివి ఉంది. అందులో భార్య చెప్పే అధ్యాయాలు ఆమెకు విసుగు పుట్టించాయి. ఆ భార్య కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూస్తుంది, దీపం వెలిగించి ఎదురుచూస్తుంది, ఎదురుచూస్తూ నిద్రపోతుంది. భర్త చెప్పే అధ్యాయాలు మాత్రం ఉలిక్కిపడేలా చేశాయి. గదిలోకి ఎవరైనా రాగానే కడుపు లోపలికి పీల్చుకునే మగవాడు, తప్పు తనదేనని తెలిసి ముందుగా కోపం తెచ్చుకునే మగవాడు, భార్య కన్నా ముందు చనిపోవాలని రహస్యంగా కోరుకునే మగవాడు. ఇంత నిజం రాసిన మనిషిని ఒకసారి చూడాలనిపించి వెళ్ళింది.

రెండో వరసలో సీటు దొరికింది. పక్క సీట్లో జరీ అంచు నేత చీర కట్టుకున్న ఒకావిడ ఒళ్ళో మడత పెట్టిన శాలువాతో కూర్చుని ఉంది. ఆవిడే సాంబమూర్తి భార్య, భ్రమరాంబ. పిలిచినప్పుడు వేదిక మీదకొచ్చి భర్తకు కప్పాలని ఆ శాలువా ఆవిడ చేతికిచ్చి కూర్చోబెట్టారు.

వేదిక మీద ప్రభంజన్ మాట్లాడుతున్నారు. "సాంబమూర్తిగారు స్త్రీ అధ్యాయాల్లో పరకాయ ప్రవేశం చేశారు. ఆ కిటికీ, ఆ దీపం, ఆ ఎదురుచూపు! పురుష అధ్యాయాలంటారా, అవి ఎవరైనా రాయగలరు."

"మీవారి పుస్తకం చదివానండి," అంది రత్నమాల మెల్లగా. "భర్త అధ్యాయాలు చాలా బాగున్నాయి. మీవారికి చెప్పండి."

భ్రమరాంబ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత శాలువా కుచ్చులు సవరించుకుంది. "అవి నేను రాశానండి," అంది.

రత్నమాల సరిగ్గా విన్నానా అనుకుంది.

"ఆడవాళ్ళవి ఆయన రాసుకున్నారు. మగాడి సంగతి రాయబోతే కలం కదల్లేదండి ఆయనకి. ఎప్పుడూ లోపలే ఉన్నారు కదా, ఎలా కనపడుతుంది? నేనైతే పెళ్ళైన దగ్గర్నుంచి చూస్తానే ఉన్నాను. సాయంత్రాలు వంటింట్లో కూర్చుని రాసిచ్చాను. బాగుంది, పెట్టేద్దాం అన్నారు."

"మరి మీ పేరేదండీ?"

"ఇద్దరి పేర్లుంటే ఉభయ మనస్సు ఎలా అవుతుందండీ? ఇద్దరు మనుషులవుతారు. అప్పుడది పెద్ద విశేషం కాదంట."

"ఇప్పుడు లేచి చెప్పండి. నేను పక్కనుంటాను."

భ్రమరాంబ తల అడ్డంగా ఊపింది. "చెబితే ఆయన దగ్గర్నుంచి తీసేసుకుంటారు. నాకైతే ఇవ్వరు కదండీ. ఆయన చెడ్డాయన కాదు. మైకు దగ్గరికి పిలిచినప్పుడు నా పేరు చెబుతారేమోనని పొద్దున్నుంచీ చూస్తున్నాను."

సాంబమూర్తి మైకు ముందుకొచ్చారు. మండలికి, అధ్యక్షులకు, గురువులకు, చిన్నప్పటి స్నేహితులకు, అచ్చు వేసినవారికి పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పారు. "ఇక నా సహధర్మచారిణి," అన్నారు. భ్రమరాంబ వీపు నిటారుగా అయింది. "రాసుకుంటున్నంతకాలం వేళకు కాఫీ అందించి సహకరించింది."

హాలంతా చప్పట్లు కొట్టారు.

భ్రమరాంబ చప్పట్లు ఆగేదాకా కదల్లేదు. తర్వాత రత్నమాల వైపు వంగింది. "నాది ఇంకో నవల ఉందండి. మొత్తం నేనే రాశాను. ఆయనకి తెలీదు. ఏ విభాగానికి పంపమంటారు?"

"ఏ విభాగానికీ వద్దు," అంది రత్నమాల. "ఎక్కడుంది?"

"ఇంట్లోనే. బియ్యం డబ్బా వెనకాల."

"పదండి, తెచ్చుకుందాం."

భ్రమరాంబ ఒక్క క్షణం ఆగింది. ఒళ్ళోని శాలువాను కుర్చీలో పెట్టి, అది జారిపోకుండా అంచు మడిచి, లేచింది. ఇద్దరూ వరస మధ్యలోంచి, మోకాళ్ళు పక్కకు జరపండి అంటూ బయటికి నడిచారు.

వాళ్ళు మెట్లు దిగి ఆటో మాట్లాడుకునేసరికి లోపల ఉమాపతిరావు మైకులో పిలుస్తున్నారు. "సాంబమూర్తిగారి ధర్మపత్నిని సాదరంగా వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాం." మళ్ళీ పిలిచారు. తర్వాత ఆయన గొంతే మళ్ళీ వినిపించింది. "సభకు మనవి. అమ్మగారు ముందుకు రావడానికి కూడా సంకోచించి తప్పుకున్నారు. చూశారా ఆ వినయం! నీడలా వెనకే ఉండిపోయే ఆ త్యాగానికి మరోసారి గట్టిగా చప్పట్లు! ఇప్పుడు అమ్మగారి స్థానంలో, ధ్రువీకృత ఉభయ మనస్కులైన డాక్టర్ ప్రభంజన్ గారు శాలువా కప్పుతారు."

చప్పట్లు రోడ్డు దాకా వినిపించాయి.

"విన్నారా, మిమ్మల్ని పొగుడుతున్నారు," అంది రత్నమాల.

"నన్ను కాదులెండి. ఆ రానిదాన్ని," అంది భ్రమరాంబ, ఆటోలో పక్కకు జరిగి ఆమెకు చోటిస్తూ. "జగన్నాథపురం పోనీ బాబూ. కొంచెం తొందరగా."